నన్ను మోసిన వీపు

చిన్నప్పుడు నన్ను వీపున మోసుకెళ్లి బతికించింది దేవుడా, మనిషా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉండేది. మా అమ్మకు ఆ సందేహం లేదు. ఆమె లెక్కలో అది దేవుడే.

జరిగింది ఇది. నాకు మూడేళ్ల వయసులో జ్వరం వచ్చి ఊపిరి అందకుండా పోయింది. అప్పటికి మా ఊరికి రోడ్డు లేదు. డాక్టరు అవతలి ఊళ్లో ఉండేవాడు. ఎవరైనా పడవలోనే వెళ్లేవాళ్లు, కానీ ఆ రోజు సముద్రం పడవలను దించనివ్వలేదు. నాన్న ఊళ్లో లేడు. అమ్మ నన్ను చంకనేసుకుని, తీరం వెంట కొండ అంచున పోయే కాలిబాట పట్టింది. సగం దారిలో, వానలో, రాతిమెట్ల దగ్గర ఆమె కాళ్లు ఇక కదలలేదు. అక్కడే కూలబడి, "నా బిడ్డను బతికించు, ఈ దారంతా మళ్లీ నా కాళ్లతో నడిచొచ్చి నీకు దణ్ణం పెట్టుకుంటాను" అని మొక్కుకుంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక ఆకారం. ఒంటి నిండా పొడుగాటి వానకోటు, ముఖానికి గుడ్డ. ఒక్క మాట మాట్లాడలేదట. నన్ను అందుకుని, వీపున వేసుకుని, అమ్మ వెనకే పడుతూ లేస్తూ వస్తుండగా మెట్లెక్కి, కొండ దాటి, డాక్టరు గుమ్మంలో దించి వెళ్లిపోయిందట. అమ్మ తేరుకుని వెనక్కి చూస్తే ఎవరూ లేరు.

"మనిషైతే ఊరుకుంటాడా? ఎవరమ్మా నువ్వు, పిల్లాడికేమైంది అని సవాలక్ష అడగడూ? నోరు విప్పలేదంటే దేవుడే," అనేది అమ్మ.

నేనూ రోజూ కొట్టు తలుపు తీసే ముందు దణ్ణం పెట్టుకునేవాణ్ణే. అయితే పెట్టుకున్నప్పుడల్లా మనసులో ఏదో ముల్లు కదిలేది. ఒకవేళ అది మనిషైతే? ఇన్నేళ్ల దణ్ణాలూ ఒకరికి చేరాల్సినవి ఇంకొకరికి చేరుతున్నట్టు కదా. ఈ మాట దేవుణ్ణి అడగడం మర్యాద కాదు. అమ్మను అడిగితే వీపు చిట్లుతుంది. అందుకని ఊరుకున్నాను.

అమ్మ మొక్కు మాత్రం తీరలేదు. ముందు నాన్న జబ్బు, తర్వాత ఇల్లు, నా పెళ్లి. ఈలోగా కొండ మీద రోడ్డు పడింది, బస్సు వచ్చింది, కాలిబాట మొహం చూసేవాళ్లు లేకపోయారు. వానలకు చరియలు విరిగి అది చాలాచోట్ల సముద్రంలో కలిసిపోయింది. దారే లేని మొక్కు ఎవరు తీరుస్తారు?

నేను చెప్పే వేసవి, ఆ దారిని మళ్లీ తెరిచిన వేసవి. విరిగిన చోట చెక్క వంతెనలు వేశారు, అంచుల్లో తాళ్లు కట్టారు, బాణం గుర్తులు పాతారు. ఎక్కడెక్కడి వాళ్లో వీపున సంచులు తగిలించుకుని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఊరికే నడవడానికి రావడం మొదలుపెట్టారు. బస్సుండగా నడవడమేమిటని మా వీధి వాళ్లు నవ్వుకున్నారు గానీ, నాకు మాత్రం వాళ్లు కలిసొచ్చారు. బస్టాపు పక్కన నాది బూట్లు, చెప్పులు బాగుచేసే కొట్టు. అట్ట ఊడిన బూటు, మడమ అరిగిన బూటు, లేసు తెగిన బూటు, అన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. ఆ బూట్ల కింద అంటుకున్న ఎర్రమట్టిని అమ్మ వేలితో గీకి చూసేది. మధ్యాహ్నాలు ఆమె కొట్లోనే ఒక మూల కూర్చుని నాకు దారానికి మైనం పట్టించేది.

ఒకరోజు ఒకతను ఊడిన బూటు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. "దారి ఎలా ఉంది నాయనా?" అని అమ్మ అడిగింది.

"దారికేం, బ్రహ్మాండంగా ఉంది. బూటే మోసం చేసింది."

"ముసలివాళ్లు నడవగలరా?"

అతను అమ్మ మోకాళ్ల వైపు చూశాడు. అవి అప్పటికే వాచి, చీర కింద రెండు కొబ్బరికాయల్లా ఉండేవి. "మెల్లగా అయితే," అన్నాడు.

అతను వెళ్లాక అమ్మ మైనం పక్కన పెట్టి, "నాకో జత బూట్లు కుట్టు," అంది.

"అమ్మా, వేసవి దాటగానే ఆపరేషను. డాక్టరు తేదీ కూడా ఇచ్చాడు. ఆ తర్వాత హాయిగా నడువు."

"ఆపరేషనయ్యాక అది నా మోకాలెలా అవుతుంది? లోపల ఇనుము పెడతారట. మొక్కుకుంది ఈ మోకాళ్లు. తీర్చాల్సిందీ ఇవే."

ఆ సాయంత్రమే కాగితం మీద అమ్మ పాదాలు పెట్టించి కొలత గీసుకున్నాను.

మా ఆవిడ బస్సులో కండక్టరు. మా ఊరి నుంచి అవతలి ఊరికి, అక్కడి నుంచి వెనక్కి, రోజంతా ఆ కొండ రోడ్డు మీదే తిరుగుతుంది. ఆమెకూ మా అమ్మకూ పడదని అనను, గొడవలూ లేవు. ఒకే గదిలో కూర్చున్నా చెరొక ఊళ్లో ఉన్నట్టుండేవారు, అంతే. అన్నం దగ్గర విషయం చెప్పాను. ఎగతాళి చేస్తుందనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "ఒక్కరోజులో అత్తయ్య వల్ల కాదు. ముక్కలు ముక్కలుగా నడవండి," అంది. "దారి మధ్యలో రోడ్డుకు ఎక్కే సందులున్నాయి. ప్రతి ఆదివారం ఎక్కడ అలిసిపోతే అక్కడ పైకొచ్చి చెయ్యి ఊపండి. బస్సు ఆపుతాను. పై వారం అక్కడే దింపుతాను."

"ముక్కల మొక్కు చెల్లుతుందా?" అంది అమ్మ అనుమానంగా.

"ముద్దలుగా తిన్నా అన్నం అన్నమే కదా అత్తయ్యా."

అమ్మ మొదటిసారి ఆమె వైపు కాస్త గౌరవంగా చూసింది.

అలా మొదలైంది. ఆదివారం కొట్టు మూసేసి, అమ్మ పొద్దున్నే దణ్ణం పెట్టుకుని, నేను కుట్టిన వెడల్పాటి బూట్లు తొడుక్కుని, ఊరి చివర దారిలో అడుగు పెట్టింది. ఒకవైపు గడ్డి, పసుపు పూల పొదలు. ఇంకోవైపు అంచు, తాడు, దాని కింద నీళ్లు. గాలికి మాటలు ఎగిరిపోయేవి కాబట్టి మేం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. అమ్మ నాలుగడుగులు వేసి ఆగేది. ఆగినప్పుడల్లా సముద్రం చూడటానికే ఆగినట్టు నటించేది. నేనూ చూసేవాణ్ణి. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ల పక్కనే ఉన్నాను, కానీ అంతసేపు వాటిని చూస్తూ నిలబడింది ఆ వేసవిలోనే. కింద రాళ్ల చుట్టూ ఆకుపచ్చగా, కాస్త దూరాన నీలంగా, ఆపైన ఏ రంగో చెప్పలేనట్టుగా ఉండేది. ఇదంతా ఉచితంగా ఇచ్చినవాడికి మేం మాటిచ్చిన నడక కూడా ఇవ్వలేకపోయామే అనిపించేది.

ఆపిన చోట అమ్మ ఒక రాయి చూసుకుని గుర్తు పెట్టుకునేది. మళ్లీ ఆదివారం సరిగ్గా ఆ రాయి మీద కాలు పెట్టి మొదలుపెట్టేది. "ఒక్క అడుగు తగ్గినా ఆయన అడుగుతాడు," అనేది.

"దేవుడు అంత పిసినారా అమ్మా?"

"ఆయన కాదురా, నేను. నాకు నా మాట మీద నమ్మకం ఉండాలి కదా."

బస్సులో అసలు తమాషా. చెమటతో, మట్టితో ఎక్కి కూర్చోగానే మా ఆవిడ సంచి సర్దుకుంటూ వచ్చి, "టికెట్" అనేది.

"కోడలివయ్యుండి నన్ను టికెట్ అడుగుతావా?"

"మీరు నా సొంతమే అత్తయ్యా. బస్సే నాది కాదు."

జనం నవ్వేవాళ్లు. మొదట అమ్మ మూతి ముడుచుకునేది. తర్వాత తర్వాత ఆ మాట కోసమే ఎదురుచూసి, అడగకముందే చిల్లర తీసి పట్టుకునేది. బస్సు ఖాళీగా ఉంటే మా ఆవిడ వచ్చి అమ్మ పక్క సీట్లో కూర్చుని, ఆమె కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని పిక్కలు నొక్కేది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవారో ఇంజను మోతలో నాకు వినబడేది కాదు. ఇంట్లో కూడా గదులు దగ్గరైనట్టు అనిపించింది.

వేసవి చివరికొచ్చింది. ఒక ఆదివారం కొండ మీద ఎత్తైన చోట నడుస్తుండగా అమ్మ ఆగిపోయింది. ఈసారి సముద్రం చూడటానికి కాదు. అంచు దగ్గర తాడు పట్టుకుని కిందికి వంగింది. బాగా లోతున, రెండు కొండల మధ్య ఇరుక్కుని చిన్న ఒడ్డు, నాలుగైదు ఇంటి కప్పులు కనిపించాయి.

"తప్పు దారిలో వచ్చాం," అంది.

"బాణాలు చూసే వచ్చాంగా."

"బాణాలకేం తెలుసు? ఆ రోజు నీళ్లు నా పక్కనే ఉన్నాయి, తుంపర నీ ముఖం మీద పడింది. ఇప్పుడు చూడు, ఎక్కడో పాతాళంలో ఉన్నాయి. ఆ మెట్లు కింద ఉన్నాయి. వీళ్లు దారిని పైనుంచి తిప్పేశారు."

నిజమే. పాత బాట కింది ఒడ్డుకు దిగి మళ్లీ పైకెక్కేదట. నడకవాళ్లకు కష్టమని కొత్త బాటను కొండ మీదుగా వేశారు. బాట చీలిన చోటు మేం రెండు ఆదివారాల కిందటే దాటేశాం. ఇక మిగిలింది ఒకే ఒక్క ఆదివారం. ఆ తర్వాతి వారమే ఆపరేషను.

"పైనుంచి నడిస్తే ఏమైంది? దిక్కు అదే కదా," అన్నాను.

అమ్మ నా వైపు చూసిన చూపుకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ రాత్రి మా ఆవిడ లెక్క చూసి చెప్పింది. పొద్దుటి మొదటి బస్సుకు చీలిక దగ్గర దిగాలి. మధ్యాహ్నానికి కింది ఒడ్డు చేరాలి. అక్కడ కూర్చోకుండా మెట్లెక్కితే, చీకటి పడేలోపు అవతలి ఊళ్లో డాక్టరు ఉండిన ఇంటి గుమ్మం ముందు ఉంటారు. "నా చివరి ట్రిప్పు అక్కడి నుంచే. ఎదురుచూస్తుంటాను. మధ్యలో ఆగితే మాత్రం కుదరదు అత్తయ్యా."

"ఆగను," అంది అమ్మ.

ఆ ఆదివారం చీలిక దగ్గర నుంచి కిందికి దిగడానికే మా ప్రాణాలు తోకకొచ్చాయి. పాత బాటకు తాళ్లు లేవు, బాణాలు లేవు. అమ్మ ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి కొండ మీద ఆనించి, కొన్నిచోట్ల కూర్చుని జరుగుతూ దిగింది. దేవుడి పేరు తలుచుకుంటుందనుకున్నాను. చెవి పెట్టి వింటే మోకాళ్లను తిడుతోంది.

ఒడ్డుకు చేరేసరికి నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉన్నాయి. బయటపడ్డ రాళ్ల మీద నాచు నల్లగా, ఎర్రగా మెరుస్తోంది. ఇళ్లన్నీ తలుపులు వేసి ఉన్నాయి, ఒక్కటి తప్ప. దాని ముందు తాళ్ల మీద, అమ్మకానికి ఏరిన సముద్రపు నాచు ఆరేసి ఉంది. ఒక ముసలావిడ, మా అమ్మ కంటే పెద్దదే, ఎండిన నాచును సంచుల్లోకి కుక్కుతోంది. ఇంటి పక్క నుంచే రాతిమెట్లు పైకి పోతున్నాయి.

అమ్మ ఆ మెట్లు చూసి నిలబడిపోయింది. "ఇవే," అంది. ఆమె ముఖం తెల్లబడింది. నేను పట్టుకుని ఆ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాను.

"కాసిన్ని మంచినీళ్లు ఇస్తారా పెద్దమ్మా," అన్నాను.

ముసలావిడ నీళ్లు తెచ్చిచ్చి, "ఎటువైపు నుంచి ఊడిపడ్డారు? ఈ దారిన మేకలు కూడా రావడం మానేశాయి," అంది.

"మొక్కు ఉంది అక్కా," అంది అమ్మ. నీళ్లు తాగగానే ఆమెకు ఓపిక వచ్చింది, ఓపిక రాగానే కథ వచ్చింది. ఆ కథ ఆమె అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుంది. వాన, జ్వరం, ఈ మెట్లు, మొక్కు, కోటు తొడుక్కుని వచ్చిన దేవుడు, ఒక్క మాటా లేకుండా ఎత్తుకోవడం. ముసలావిడ వింటూనే సంచి నింపుతోంది. కాసేపటికి ఆమె చేతులు నెమ్మదించాయి.

"ఇంతకీ ఆ పిల్లాడు బతికాడా?" అని అడిగింది.

"ఇదిగో, మీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బట్టతల కూడా వచ్చింది."

ముసలావిడ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. సంచి మూతి వదిలేసి, కొంగుతో చేతులు తుడుచుకుని, మా అమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది.

"నా చెవి పట్టుకున్నాడు," అంది. "గంపలో కూర్చోబెట్టి వీపున వేసుకున్నానా, వెనక నుంచి చెయ్యి చాపి ఈ చెవి పట్టుకున్నాడు. డాక్టరు గుమ్మం దాకా వదల్లేదు. వారం రోజులు వాచిపోయి ఉంది."

నేను చిన్నప్పుడు ఎవరి పక్కన పడుకున్నా వాళ్ల చెవి పట్టుకునేవాణ్ణని మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ గ్లాసు కింద పెట్టి, ఆవిడ చెవి వైపు చూసింది. వడలిపోయి, తమ్మె సాగిపోయి, మామూలు ముసలి చెవే.

"మరి ఒక్క మాటైనా మాట్లాడలేదేం?" అని అడిగింది అమ్మ.

"మాట్లాడటానికి నోరుంటే కదా. ముందు రోజే దవడ పన్ను పీకించుకున్నాను. బుగ్గ ఇంత బూరెలా వాచి, గుడ్డ కట్టుకుని ఉన్నాను. కోటు మా ఆయనది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకోవడానికి సముద్రం వైపు తిరిగాను. అది నవ్వేనో కాదో కూడా నాకు సరిగ్గా తెలియదు, కళ్లు మసకబారాయి. తీరా చూస్తే మా ఇంటి దేవుడి మౌనానికి కారణం పన్నునొప్పి. అమ్మ ముఖం చూడటానికి భయమేసింది. ఇన్నేళ్ల నమ్మకం అరుగు మీదే కూలిపోయిందేమో అనుకున్నాను.

"అమ్మా," అన్నాను మెల్లగా. "మరి దేవుడు కాదన్నమాట."

"ఎందుకు కాదు?" అంది అమ్మ, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "ఆయనకు సొంతంగా వీపెక్కడుంది? ఎవరిదో ఒకరిది అడిగి తీసుకోవాల్సిందేగా. ఈ అక్కను అడిగాడు. ఈమె కాదనలేదు."

అంతే. నేను ఏళ్లుగా మోసిన బరువును ఆమె అంత తేలిగ్గా దించేసింది.

"డాక్టరు తలుపు తీసేదాకా నిలబడాల్సింది," అని ముసలావిడ తనలో తను అనుకుంటున్నట్టు చెబుతోంది. "నీళ్లు పెరుగుతున్నాయని పరుగెత్తాను. వాపు తగ్గాక వెళ్లి అడుగుదామంటే, ఆ డాక్టరు ఊరు మారిపోయాడు. పిల్లాడు ఉన్నాడో పోయాడో తెలియలేదు. ఆ ఈడు పిల్లాడు కనబడినప్పుడల్లా వీడేనేమో అనుకునేదాన్ని. వీడు కాకపోతే వాడేమో అనుకునేదాన్ని. ఇన్నేళ్లూ అదే పని."

ఇన్నేళ్లూ అదే పని అన్నప్పుడు ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. మేం బతికి బాగుండి, రోజూ దణ్ణాలు పెట్టుకుంటుంటే, ఇక్కడొకామె మా కోసం కంగారుపడుతూ నాచు ఏరుకుంటోంది.

"గంపలో అప్పుడు ఏముంది అక్కా?" అంది అమ్మ.

"ఇదే, నాచు. పొద్దున్నుంచీ ఏరిన ఎర్రనాచు, నిండా. పిల్లాణ్ణి పెట్టాలి కదా, మెట్ల మీదే గుమ్మరించేశాను. వచ్చేసరికి సముద్రం లాక్కుపోయింది. మా ఆయన పోయేదాకా సాధించాడు. ఏ వంట బాగోలేకపోయినా, 'ఆ గంప పారబోసినప్పుడే అనుకున్నాను నీ బుద్ధి' అనేవాడు." ఆమె నవ్వింది.

నేను ఎండ వైపు చూశాను. పొద్దు వాలుతోంది. "అమ్మా, ఇప్పుడు లేస్తేనే చీకటిలోపు చేరతాం."

అమ్మ మెట్ల వైపు చూసింది. తర్వాత బయటపడ్డ రాళ్ల వైపు చూసింది. నీళ్లు ఇంకా వెనకే ఉన్నాయి గానీ, అంచులో నురగ కదలడం మొదలైంది.

"గంప ఏది అక్కా?" అంది.

"మరి మొక్కు?" అన్నాను.

"దేవుడితో నేను మాట్లాడుకుంటాలే. ఆయన పాతవాడు, అర్థం చేసుకుంటాడు. నువ్వు ప్యాంటు పైకి మడుచుకో."

మా ఆవిడకు ఫోను చేశాను. "మేం కింది ఒడ్డులోనే ఆగిపోయాం," అన్నాను.

"అత్తయ్యకేమైంది?"

"ఏం కాలేదు. నాచు ఏరుతోంది."

"ఎండ దెబ్బా?"

"కాదు. నువ్వు చివరి ట్రిప్పు ఇంకొకరికి అప్పజెప్పి రాగలిగితే రా. వచ్చాక చెబుతాను."

అమ్మ చీలమండ లోతు నీళ్ల గుంటలో ఒక రాయి మీద కూర్చుని, చేతికందినంత మేర పీకింది. నేను దూరం రాళ్ల మీద నుంచి తెచ్చి గంపలో పోశాను. ముసలావిడ ఒడ్డున నిలబడి ఏదీ ఒక పట్టాన ఒప్పుకోలేదు. "అది కాదు, నల్లది పనికిరాదు." "వేళ్లతో సహా పీకకు, మళ్లీ మొలవద్దూ?" "ఇసుక కడిగి వెయ్యి నాయనా, ఇసుక బరువు నాకెందుకు?" నేను మూడుసార్లు జారిపడ్డాను. అమ్మ ప్రతిసారీ నవ్వింది. ఆ వేసవిలో ఆమె అంత హాయిగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

పొద్దు కుంకేవేళకు మా ఆవిడ పై నుంచి ఆ మెట్ల మీదుగా దిగింది, యూనిఫాంలోనే, చెప్పులు చేత్తో పట్టుకుని. నేను రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె ముసలావిడను చూసింది, నన్ను చూసింది, ఏమీ అడగకుండా నీళ్లలోకి దిగి అమ్మ పక్కన రాయి మీద చోటు చేసుకుంది.

"టికెట్ అడగవా?" అంది అమ్మ.

"ఇవాళ పాసు అత్తయ్యా," అంది మా ఆవిడ.

నీళ్లు మా పిక్కలు దాటేసరికి గంప అంచుకొచ్చింది. ఒడ్డుకు చేర్చాం. ముసలావిడ అరచేత్తో నొక్కి చూసి, "ఆ రోజు దీని కంటే ఇంకొంచెం ఎక్కువే ఉంది," అంది.

మా అమ్మ చేతిలో మిగిలిన పిడికెడు నాచును కడిగి, పిండి, పైన పెట్టింది.

నేను గంప ఎత్తబోయాను. ముసలావిడ నా చెయ్యి తోసేసింది. "నీ బరువే మోసిన వీపు ఇది," అని, వంగి, పట్టీలు భుజాలకు తగిలించుకుని లేచింది. నడుము సర్దుకుంది. ఒకసారి గంపను వీపు మీద అటూ ఇటూ ఊపి బరువు చూసుకుంది.

"చెల్లు," అంది.